చివర తెగిన కూత

ఇచ్ఛాపురం,
20 నవంబరు 1988.

బలరాం అన్నయ్య గారికి భాగ్యవతి నమస్కారం.

అక్కడ అందరూ ఎలా ఉన్నారని అడిగి ఉత్తరం మొదలుపెట్టాలి. జవాబు ఎలా ఉంటుందోనని భయమేసి అడగడం లేదు. నేరుగా విషయానికి వస్తాను. మీ బావ దగ్గర్నుంచి ఆగస్టు తర్వాత నాకు ఒక్క ముక్క రాలేదు.

మే నెలలో మా పిన్ని కూతురి పెళ్ళికని పిల్ల మణిమాలని తీసుకుని ఇక్కడికి వచ్చాను. విమానం దగ్గర సాగనంపడానికి మీరిద్దరూ వచ్చారు. "రెండు నెలల్లో రాకపోతే నాను మళ్ళీ పెళ్ళాడీస్తాను" అని ఆయన ఎగతాళి చేశారు, మీరు పగలబడి నవ్వారు, గుర్తుందా? రెండు నెలలూ దాటాయి, వినాయకచవితీ దాటింది, దీపావళీ దాటింది. మధ్యలో విమానాలు ఆగిపోయాయి. కలకత్తా వెళ్ళి మళ్ళీ బర్మా రావడానికి కాగితాలు ఇమ్మని అడిగాను. కిటికీ లోపలి మనిషి నా మొహం కూడా చూడకుండా రేపు రమ్మన్నాడు. మర్నాడు వెళ్తే ఇంకోడు అదే మాట అన్నాడు. చేతిలో డబ్బు అయిపోయి తిరిగొచ్చేశాను.

ఎండాకాలం చివరినుంచీ రేడియోలో రోజూ రంగూన్ పేరు వినపడేది. వీధుల నిండా జనమని, కాల్పులని చెప్పేవారు. ఇప్పుడు ఆ పేరు చెప్పడమే మానేశారు. నాకు ఇదే ఎక్కువ భయంగా ఉంది.

పిన్ని మంచిదే. కానీ ఆరు నెలల చుట్టాన్ని ఎవరు మోస్తారు? పొద్దున్నే నేను బొట్టు పెట్టుకుంటుంటే వాళ్ళింట్లో ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటున్నారు.

నా పెళ్ళిలో నా తరపున అన్న వరసలో నిలబడింది మీరు. లాజహోమానికి నా దోసిట్లో పేలాలు పోసింది మీరు. అందుకని మిమ్మల్నే అడుగుతున్నాను. లత పేటలో మీ కొట్టు నుంచి తామ్వేలో మా ఇంటికి బస్సెక్కితే ఎంతసేపు? వెళ్ళి చూసి, ఉన్నది ఉన్నట్టు రాయండి.

మీ చెల్లెలు
భాగ్యవతి


రంగూన్, లత,
27 డిసెంబరు 1988.

చెల్లెమ్మ భాగ్యవతికి,

నీ ఉత్తరం విప్పగానే నువ్వు కొట్టు ముందు నిలబడి చీవాట్లు పెడుతున్నట్టే ఉంది. పక్కన చింతపండు తూయించుకుంటున్న సన్యాసమ్మ, "ఏటి బాబూ, కాయితం చూసి అలా బిగుసుకుపోయినావు?" అంది. మా చెల్లెలు తిట్టిందని చెప్పాను. పోస్టు సంగతి నీకు తెలియనిది కాదు. నీ ఉత్తరం నా చేతికి రావడానికి నెల పట్టింది. వచ్చేది విప్పి ఉంటుంది, పోయేది విప్పి చదివి పంపుతారు. కాబట్టి నేను రాసేవన్నీ ఇంటి సంగతులే.

బావ బాగున్నాడు. ఉత్తరం రాయకపోవడానికి కారణం ఉంది. కుట్టుమిషను బాగుచేస్తుంటే సూది కుడిచేతి వేలులో దిగబడి విరిగింది. తీయించుకున్నాడు గానీ చెయ్యి వాచి చీము పట్టింది. ఇప్పుడు తగ్గింది, కట్టు ఉంది. కలం పట్టలేడు. ఎడమచేత్తో రాయమంటే, "నా పెళ్ళాం ఆ రాత చూసి నాను తాగినానంటాది" అంటాడు. అందుకని ఆ పని నా నెత్తిన పడింది.

చెయ్యి బాగులేదని మనిషి ఇంట్లో కూర్చున్నాడనుకునేవు. దలా వెళ్ళి నక్కల్ని వేటాడి వచ్చాడు! చలికాలం వచ్చిందంటే రవీంద్ర బావా నేనూ నది దాటి వెళ్ళడం నీకు తెలిసిందే. కానీ వేట సంగతి ఆయన ఇంట్లో ఎప్పుడూ చెప్పడు కదా. వీధి కుళాయి దగ్గరే స్నానం చేసి, పిల్లిలా లోపలికి వచ్చేస్తాడని నువ్వు అంటుండేదానివి. ఈసారి నేను చెబుతాను విను.

మొన్న 22వ తారీకున వెళ్ళాం. మొదటి పడవ. నది మీద మంచు ఎంత దట్టంగా ఉందంటే పడవ కదిలిందో లేదో కూడా తెలియలేదు. బావ మూతికి తువ్వాలు చుట్టుకుని, చంకలో పాత కుండ ఒకటి పెట్టుకుని కూర్చున్నాడు. దలా మనుషులకి ఆ కుండ చూస్తే నవ్వు. రేవులో టీ తాగి, బాతులు మేపే బర్మా రైతు ఊ బ చిట్ పొలానికి నడిచాం. ఆ పెద్దాయనకి ఏటా ఇదే గోల. కోతలయ్యాక బాతుల్ని మళ్ళలో వదులుతాడు, కాలవ గట్టు వెనక తుప్పల్లోంచి నక్కలొచ్చి పట్టుకుపోతాయి. తుపాకులు ఎవరి దగ్గరున్నాయి ఈ ఊళ్ళో, ఉండవలసిన వాళ్ళ దగ్గర తప్ప? మన దగ్గరున్నవి చేపల వల, దుడ్డుకర్ర, బావ గొంతు.

పద్ధతి ఇలా ఉంటుంది. గట్టుకి గండి ఉన్న చోట వల కట్టి, దాని పక్కన గడ్డిలో నేను కర్ర పట్టుకుని పడుకుంటాను. బావ ఇటువైపు మడిలో కూర్చుని, కుండ మూతిలో మొహం పెట్టి నక్కలా కూస్తాడు. ముందు కింది స్వరంలో మూలుగుతాడు. తర్వాత పొట్టిపొట్టిగా మూడు అరుపులు. ఆఖర్న గొంతు ఎత్తి, చాలా దూరం లాగి వదులుతాడు. కుండలోంచి రావడంవల్ల అది ఎక్కడో పక్కమళ్ళోంచి వచ్చినట్టు ఉంటుంది. పక్కనున్న నాకే వీపు మీద వెంట్రుకలు లేచాయి.

నన్నూ కూయమన్నాడు. కూశాను. మూలుగు వస్తుంది, అరుపులు వస్తాయి, ఆ ఆఖరి ఎత్తు దగ్గర నా గొంతు తెగిపోతుంది. చిన్నప్పట్నుంచీ అంతే. "ఒద్దు బావా, ఒద్దు. నువ్వు కూస్తే నక్క రాదు, దాని అత్తగారు కర్రట్టుకోని వొస్తాది" అన్నాడు. మడిలో బాతులు కూడా నన్ను చూసి నవ్వినట్టే అరిచాయి.

మంచు విడుతుండగా తుప్పల్లోంచి జవాబు వచ్చింది. బావ మళ్ళీ కూశాడు. ఈసారి జవాబు దగ్గరగా వచ్చింది. అలా పిలుపూ జవాబూ నడిచి నడిచి, చివరికి గండిలో గడ్డి కదిలింది. బలిసిన నక్క, వలలో పడింది. అంతే. ఊ బ చిట్ భార్య సంతోషం పట్టలేక బాతు కూర వండింది. బావ రెండుసార్లు వేయించుకున్నాడు. ఎండ తగ్గకముందే పడవెక్కి వచ్చేశాం. చీకటి పడ్డాక ఇక్కడ బయట తిరగకూడదు.

ఇదీ సంగతి. నువ్వు బెంగపడి ఒళ్ళు పాడుచేసుకోకు. కాగితాలు ఎప్పుడు దొరికితే అప్పుడే రా, తొందరేం లేదు. మణిమాలకి ముద్దులు.

మీ అన్నయ్య
బలరాం


ఇచ్ఛాపురం,
20 జనవరి 1989.

బలరాం అన్నయ్య గారికి,

మీ ఉత్తరం వచ్చింది. బావ బాగున్నాడు అన్న రెండు మాటలు చదివి, తర్వాతది చదవకుండా కాసేపు నూతి గట్టు మీద కూర్చున్నాను. తర్వాత మణిమాలకి చదివి వినిపించాను. అది రోజంతా ఇత్తడి బిందెలో తల పెట్టి కూస్తోంది. దానికి ఆఖరి ఎత్తు వచ్చేసింది, మీకు రాలేదని చెప్పి తెగ మురిసిపోతోంది. పిన్ని కూడా నవ్వింది. ఈ ఇంట్లో చాలా రోజుల తర్వాత నవ్వు వినపడింది. అందుకు మీకు రుణపడి ఉన్నాను.

ఆ రాత్రి పిల్ల పడుకున్నాక మళ్ళీ చదివాను. అప్పుడు తారీకు దగ్గర ఆగిపోయాను.

డిసెంబరు 22 గురువారం, మార్గశిర లక్ష్మివారం అన్నయ్యా. నేను ఇక్కడ పొద్దున్నే లేచి, వాకిట్లో బియ్యప్పిండితో అమ్మవారి పాదాలు వేసి, కుంచంలో కొత్తధాన్యం పోసి పూజ చేసిన రోజు. మా గంజాం వైపు ఆ వారం ఇంట్లో నీచు అడుగుపెట్టదు. ఇంకెవరైనా అయితే, పోనీ, నేను లేననుకుని తిన్నారులే అని సరిపెట్టుకునేదాన్ని. కానీ ఆ నోము నాది కాదు, ఆయనది. మణిమాల పుట్టినప్పుడు అరచేతిలో పట్టేంత పిల్ల. బతకదన్నారు. బతికితే నా ఊపిరి ఉన్నంతకాలం మార్గశిర లక్ష్మివారాలు విడవను అని ఆసుపత్రి మెట్ల మీద మొక్కుకున్నది ఆయనే. మీరు పక్కనే ఉన్నారు. అప్పట్నుంచీ ఆ రోజుల్లో చీమని కూడా తొక్కకుండా చూసి నడుస్తారు. ముగ్గు కూడా నన్ను వేయనివ్వరు, ఆయనే వేస్తారు.

అలాంటి మనిషి ఆ రోజు వల కట్టి నక్కని పట్టి, బాతు కూర రెండుసార్లు వేయించుకున్నారని రాశారు మీరు.

మీరు వేట అబద్ధం చెప్పలేదు. ఆ మంచూ, కుండా, మాటలూ ఊహించి రాసేవి కావు. ఆయన గొంతు నాకు వినపడింది. అది పోయిన ఏడాది వేట అయి ఉంటుంది. పోయిన ఏడాది 22వ తారీకు లక్ష్మివారం కాదు, వేరే వారం. మీరు తారీకు అలాగే ఉంచి సంవత్సరం మార్చేశారు. వారం మారుతుందని తోచలేదు మీకు. కొట్లో కూర్చునేవాళ్ళకి తారీకులే గుర్తుంటాయి.

చెవిలో పువ్వు పెట్టారని కోపం లేదు. ఎందుకు పెట్టారో తెలుస్తోంది. నేను ఇప్పటికీ పొద్దున్నే బొట్టు పెట్టుకుంటున్నాను. పెట్టుకునేటప్పుడు వేలు వణుకుతోంది. పెట్టుకోవాలో మానాలో తెలియని ఆడదానికి రోజు ఎలా మొదలవుతుందో మీకు తెలియదు. మణిమాల, నాన్న చెయ్యి తగ్గిందా అని అడుగుతోంది. ఏం చెప్పను?

నాకు ఓదార్పు వద్దు. ఉన్నారా, లేరా? లేకపోతే ఏ రోజు, ఏ వేళ? తిథి కూడా తెలియకపోతే నేను ఆయనకి ఏమీ చెయ్యలేను. పోస్టులో రాయలేకపోతే ఎవరైనా వచ్చేదాకా ఆగండి. కానీ ఇంకో నక్క కథ మాత్రం రాయకండి.

భాగ్యవతి


రంగూన్, లత,
3 ఫిబ్రవరి 1989.

చెల్లెమ్మా,

నీ ఉత్తరం ఈసారి రెండు వారాల్లోనే వచ్చింది. తాయారు అత్త కలకత్తాలో ఉన్న తన కొడుకు దగ్గరికి వెళ్తోంది. ఈ ఉత్తరం రవిక లోపల పెట్టుకుని తెస్తానంది. అక్కణ్ణుంచి రైల్లో తానే ఇచ్ఛాపురం వచ్చి నీ చేతికి ఇస్తానంది. అందుకని రాస్తున్నాను.

రవీంద్ర లేడు.

రాసేశాను. నాలుగు నెలలుగా ఈ రెండు మాటలూ మింగలేక కక్కలేక తిరుగుతున్నాను. సెప్టెంబరు 19, సోమవారం, దీపాలు పెట్టే వేళ. మన పంచాంగం శాస్త్రి గారిని వేరే పని ఉన్నట్టు అడిగాను. భాద్రపద శుద్ధ అష్టమి అన్నారు.

నువ్వు పట్టుకున్నది నిజం. ఆ వేట పోయిన ఏడాదిది. అందులో నేను రాయనిది ఒకటుంది, అది ముందు చెబుతాను. లేకపోతే తర్వాతది అర్థం కాదు.

నక్క వలలో పడిందని రాశాను కదా. కర్ర నా చేతిలో ఉన్నా, పడ్డాక అది తీసుకుని కొట్టేది ఎప్పుడూ బావే. నాకు చెయ్యి రాదు. ఆ రోజు ఒక్క దెబ్బతో పోలేదు. వల తాళ్ళ మధ్యనుంచి మమ్మల్ని చూడకుండా, కుండ ఉన్న మడివైపే చూస్తూ ఉంది. అక్కడ ఇంకా ఎవరో ఉన్నారన్నట్టు చూసింది. బావ రెండో దెబ్బ వేసి కర్ర కింద పడేశాడు. బాతు కూర తిన్నది నేను, వాడు ముట్టలేదు. తిరుగు పడవలో నది మధ్యకి వచ్చాక అన్నాడు: "తిట్టి పిలిస్తే రాదు బావా, బెదిరిస్తే రాదు. తనోళ్ళు పిలుస్తన్నారనుకోని వొస్తాది. ఈ పని నాకు నచ్చడం నేదు. ఇదే ఆకరు." కుండ నీళ్ళలోకి విసిరేశాడు. అది మునగకుండా కొంతదూరం మా పక్కనే వచ్చింది.

ఆగస్టులో ఊరంతా లేచింది. రేడియోలో నువ్వు విన్నది తక్కువే. కొట్లు మూశాం, ఆఫీసులు మూశారు, పోలీసులే కనపడకుండా పోయారు. ఏ పేటకి ఆ పేట వెదుళ్ళతో కంచె కట్టి, గేటు పెట్టి, మగవాళ్ళు వంతులేసుకుని కాపలా కాసేవారు. తామ్వేలో మీ వీధి గేటు దగ్గర బావే పెద్ద. రాత్రి బయటనుంచి వచ్చేవాడు మనవాడో కాడో ఎలా తెలియాలి? బావ వీధిలో వాళ్ళందరికీ నక్క కూత నేర్పాడు. బర్మావాళ్ళు, తమిళులు, మనవాళ్ళు, అందరికీ వచ్చేసింది. గేటు బయట నిలబడి కూస్తే లోపలివాళ్ళు గడియ తీసేవారు. ఆ రోజుల్లో వాణ్ణి నువ్వు చూసి ఉండాల్సింది చెల్లెమ్మా. పదేళ్ళు చిన్నవాడైపోయాడు. "చూసినావా బావా, అబద్దం ఆడీ కూతని నిజం ఆడీలాగ సేసినాను" అని ఎంత పొంగిపోయాడో.

సెప్టెంబరు 18, ఆదివారం నాడు సైన్యం రాజ్యం తీసుకున్నట్టు రేడియోలో చెప్పారు. రాత్రినుంచే కంచెలు పీకడం, కాల్చడం మొదలైంది. సోమవారం సాయంత్రానికి మీ వీధి గేటు ఇంకా ఉంది. లోపల బావా, రేవులో మూటలు మోసే జోగీ కాపలా ఉన్నారు. తర్వాతది జోగి నాకు చెప్పిందే.

బయటనుంచి కూత వినపడింది. మూలుగు, మూడు అరుపులు. ఆఖరి ఎత్తు మధ్యలో తెగిపోయింది. జోగి, "సరిగ్గా నేదన్నా, తియ్యొద్దు" అన్నాడట. బావ చెవి రిక్కించి విన్నాడట. రెండోసారి కూత వచ్చింది, మళ్ళీ అక్కడే తెగింది. "మనోడే. బయపడతన్నాడు పాపం" అని గడియ తీశాడు. తీస్తూనే తుపాకులు పేలాయి. జోగి పక్క మురిక్కాలవలో పడి బతికాడు. బావ గేటు వెదురు పట్టుకునే ఉన్నాడట, వెంటనే పడలేదట. తర్వాత లారీలో ఎక్కించుకుపోయారు.

నేను వెళ్ళగలిగేసరికి గేటూ లేదు, మనిషీ లేడు. శ్మశానం చుట్టూ సైన్యం ఉంది, దగ్గరికి పోనివ్వలేదు. పొగ మాత్రం దూరాన్నుంచి చూశాను. అందులో వాడిది ఏదని చెప్పను?

నీ ఇంటికి తాళం వేసి ఉంచాను. కుట్టుమిషన్లు తడవకుండా గోనెలు కప్పాను. బాగుచేయమని ఇచ్చినవాళ్ళు కూడా వచ్చి అడగడం లేదు.

అబద్ధం ఎందుకు రాశానంటే, ఉత్తరం రాస్తున్నంతసేపూ వాడు బతికే ఉన్నాడు. నాకోసమే రాసుకున్నాననుకో. ఇంక ఏం రాయాలో తెలియదు. నాకు ఏడుపు కూడా రావడం లేదు చెల్లెమ్మా, లోపలంతా ఎండిపోయింది.

బలరాం


ఇచ్ఛాపురం,
22 ఫిబ్రవరి 1989.

బలరాం అన్నయ్యకి,

తాయారు అత్త వచ్చింది. నా చేతికి కవరు ఇస్తూనే ఏడ్చింది కాబట్టి విప్పకముందే తెలిసిపోయింది. నాలుగు రోజులుండి వెళ్ళింది. పిన్నీ వాళ్ళూ చెయ్యవలసినవి చేశారు. నూతి దగ్గర కూర్చోబెట్టి గాజులు తీశారు. మణిమాల బిందె ముట్టుకోవడం మానేసింది. కూయమని ఎవరూ అడగడం లేదు.

తిథి రాసినందుకు మీకు దండం పెడుతున్నాను. ఇంక వేలు వణకదు.

మీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. అందులో అందరూ ఉన్నారు. ఆయన ఎక్కడున్నారో ఉంది, జోగి ఎక్కడ పడ్డాడో ఉంది. ఆ సాయంత్రం మీరెక్కడున్నారో లేదు. ఆయన్ని విడిచి ఒక్క రోజు ఉండని మనిషి, ఊరు కాలుతుంటే ఎక్కడున్నారు?

తాయారు అత్తని అడిగాను. ఆవిడకి మీ మనసులో ఏముందో తెలియదు కనక తెలిసినది చెప్పేసింది. సోమవారం మధ్యాహ్నం మీరు భుజాన బియ్యం సంచి పెట్టుకుని లత నుంచి తామ్వేకి బయల్దేరారట. కంచె కాపలావాళ్ళకి అన్నం ఎవరు పెడతారు అని అన్నారట. మళ్ళీ బుధవారం దాకా మీ జాడ లేదట. వచ్చేసరికి పెదవి చీలిపోయి, ఎడమచెవి వినపడకుండా ఉన్నారట. ఇప్పటికీ ఆ చెవి పనిచెయ్యదట. మీరు నాకు ఈ సంగతి రాయలేదు.

వీధిలో అందరికీ ఆ కూత వచ్చేసిందని రాశారు. రానిది ఎవరికో మొదటి ఉత్తరంలోనే రాశారు.

గేటు బయట కూసింది మీరు.

ఆ సిపాయిలు మిమ్మల్ని పట్టుకుని ఏం చేశారో నేను అడగను. కూయకపోతే మీరూ ఉండేవారు కాదు, అది నాకు తెలుసు. తెలిసినా నా కడుపుమంట ఆగడం లేదు. పగలంతా మీరు ఏం చెయ్యగలరు పాపం అనుకుంటాను. రాత్రి పడుకున్నాక మిమ్మల్ని తిడుతున్నాను, పైకే తిడుతున్నానని పిన్ని చెప్పింది. క్షమించానని రాస్తే మీకు బాగుంటుంది, నాకూ బాగుంటుంది. కానీ రాదు. ఒకరి చెవిలో ఒకరం పువ్వులు పెట్టుకోవడం చాలు.

మీరు ఒకటి తప్పుగా అనుకుంటున్నారు. మీ ఉత్తరం నిండా ఆ నక్క ఉంది. ఎవరో మోసం చేసి పిలిస్తే వచ్చిందని, బావ కూడా అలాగే వచ్చాడని మీరు లోపల కుమిలిపోతున్నారు. నక్కకి తెలియదు అన్నయ్యా. ఆయనకి తెలుసు. ముప్పై ఏళ్ళుగా ఆ తెగిపోయే గొంతుని ఎగతాళి చేసిన మనిషికి అది ఎవరిదో తెలియదా? రెండుసార్లు విన్నారు. మనోడే, బయపడతన్నాడు అన్నారు. మీరు బయట ఉన్నారని తెలిసే గడియ తీశారు. మిమ్మల్ని లోపలికి లాగుదామనుకున్నారు.

ఇది మిమ్మల్ని ఓదార్చడానికి రాయడం లేదు. ఇది మోయడం ఇంకా కష్టమని తెలిసే రాస్తున్నాను. నేనొక్కదాన్నే మోయలేక రాస్తున్నాను.

ఇప్పుడు నేను చెప్పేది చెయ్యండి. ఆయనకి కొడుకు లేడు. ఒళ్ళు దొరకలేదు. ఆ ఊళ్ళో ఆయనకి నా వైపునుంచి ఉన్నది బావమరిది ఒక్కడే. వచ్చే అమావాస్యకి దలా రేవులో దిగి నువ్వులూ నీళ్ళూ వదలండి. శాస్త్రి గారు దొరక్కపోతే ఫరవాలేదు. గోత్రం మీకు తెలుసు, పేలాలు పోసేటప్పుడు విన్నారు. పైకి, గట్టిగా చెప్పండి. ఆయన్ని పిలిచిన ఆ నోటితోనే పేరూ గోత్రమూ చెప్పి నీళ్ళు వదలండి.

భాగ్యవతి


రంగూన్, లత,
9 మార్చి 1989.

చెల్లెమ్మా,

నీ ఉత్తరం అమావాస్యకి ముందే, కలకత్తానుంచి వచ్చిన మనిషి తెచ్చి ఇచ్చాడు. నువ్వు రాసినదాంట్లో కాదనడానికి ఏమీ లేదు.

మొదటి పడవకి దలా వెళ్ళాను. జోగి తోడు వస్తానన్నాడు, వద్దన్నాను. మంచు లేదు, ఎండలు వచ్చేశాయి. ఊ బ చిట్ రేవులో గుడ్ల బుట్టలతో కనపడి, ఈ ఏడాది మీరిద్దరూ రాలేదేమని అడిగాడు. బాతులు సగం పోయాయట. మళ్ళీ చలికాలం చూద్దామని చెప్పి తప్పించుకున్నాను.

మెట్ల చివర మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడ్డాను. నువ్వన్నట్టే గట్టిగా చెప్పాను. రేవులో కాపలా ఉన్న సిపాయి దగ్గరికి వచ్చి, ఎవర్ని పిలుస్తున్నావని అడిగాడు. మా బావకి నీళ్ళు ఇస్తున్నానని చెప్పాను. కాసేపు నిలబడి చూసి, అవతలికి వెళ్ళిపోయాడు.

పేరు బాగానే వచ్చింది. గోత్రం దగ్గరికి వచ్చేసరికి గొంతు తెగిపోయింది. మళ్ళీ దోసిట్లోకి నీళ్ళు తీసుకుని మొదటినుంచి చెప్పాను. మళ్ళీ అక్కడే తెగింది. ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా నిలబడి చెబుతూనే ఉన్నాను. చివర రాలేదు. నీళ్ళు మాత్రం వదిలాను.

బలరాం